అనంతపురం నీళ్ల మీద మా పడవ

అనంతపురం జిల్లాకు పడవ ఇంజను బాగుచేయడానికి వెళ్తున్నానని చెబితే మా లంకలో నవ్వనివాడు లేడు. టీ కొట్టు దగ్గర ఒకాయన, తిరిగొచ్చేటప్పుడు అక్కణ్నుంచి రెండు పులసలు పట్టుకురమ్మన్నాడు. నేనూ నవ్వాను. కానీ సంచిలో పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దినవే మళ్లీ సర్దాను. పండక్కి ఊరెళ్లే కుర్రాడిలా అయిపోయాను.

మాది గోదావరి మధ్యలో ఉన్న లంక. తాతల నాటి నుంచి రేవు మాదే. పడవకు డీజిలు ఇంజను బిగించింది మాత్రం నేను. బడి పిల్లల్నీ, పురిటి మనుషుల్నీ, కొబ్బరికాయల్నీ దాటిస్తూ సగం జీవితం ఆ ఇంజను పక్కనే కూర్చున్నాను. తర్వాత వంతెన వచ్చింది. వంతెన మంచిదే, నేనూ దాని మీదే బండి తోలుకుపోతాను. రేవులో ఖాళీగా పడి ఎండకు పగుళ్లిస్తున్న పడవను చూడలేక అమ్మకానికి పెడితే, కొన్నవాడు మస్తాన్ అనే అనంతపురం జిల్లా బెళుగుప్ప వైపు మనిషి. బోరు బావుల్లోంచి మోటార్లు పైకి తీసి దించే పని అతనిది. పడవను లారీ మీదికెక్కించి తాళ్లతో బిగించి తీసుకుపోయిన రోజు నేను అన్నం తినలేదు. పడవ కోసం ఏడవడం ఏమిటని మా ఆవిడ తిట్టింది.

కొన్నాళ్లకు అతను ఫోన్ చేశాడు. "అన్నా, నీళ్ల మధ్యలో నిలబడిపోతాంది. శానాసేపు ఊరుకుంటే మళ్లా లేస్తాది. రోంత దూరం పోతానే మళ్లా నిలబడిపోతాది." ఫోనులో చెప్పగలిగినవన్నీ చెప్పాను. ఏదీ కుదరలేదు. చివరికి నేనే వస్తానన్నాను. అతను రమ్మని అడగలేదు. ఆ ఇంజను మోత ఇంకొక్కసారి వినాలని నాకే అనిపించింది. శివరాత్రి వెళ్లిన వారంలో బయల్దేరాను.

గుంతకల్లు వైపు రైలులో

తెల్లారి కళ్లు తెరిచేసరికి కిటికీలో పచ్చదనం అయిపోయింది. ఎర్రమట్టి, నల్లరాళ్ల గుట్టలు, మధ్యమధ్య పీకేసిన చెనక్కాయ చేలు, అదే మా వేరుశెనగ. మా వైపు కొబ్బరి చెట్లు అడ్డం వచ్చి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ దానికి అడ్డమే లేదు. మొదట బాగుందనిపించింది. గంట గడిచేసరికి ఎక్కడైనా ఒక కాలువ కనిపిస్తే బాగుండునని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఎదురు సీట్లో మడకశిర వైపు గొర్రెల కాపరి, అతని భార్య. వాళ్లలో వాళ్లు కన్నడంలో, నాతో తెలుగులో మాట్లాడారు. మా వైపు కొత్త మనిషిని ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాం. అతను అడిగిన మొదటి ప్రశ్న, మీ దిక్కున బోరు ఎన్ని అడుగులకు పడుతుందని. మా పెరట్లో గునపంతో తవ్వితే నీళ్లొస్తాయని చెప్పాను. అతను అది భార్యకు కన్నడంలో చెప్పాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, చద్దిమూట విప్పి, అబద్ధాలాడేవాడికైనా ఆకలేస్తుంది కదా అన్నట్టు ఒక జొన్నరొట్టె చేతిలో పెట్టింది.

దిగకూడని చోట దిగాను

మస్తాన్ వాళ్ల పాత ఊరు రిజర్వాయరులో మునిగిపోయింది. ఊరివాళ్లకు నీటికి ఇటు సగం మందికి, అటు సగం మందికి స్థలాలిచ్చారు. రెండు కాలనీలూ పాత పేరే పెట్టుకున్నాయి. ఈ సంగతి నాకు ముందు తెలియదు. బస్సు కండక్టరు ఊరి పేరు అరవగానే దిగిపోయాను. అది అవతలి గట్టు.

కాలనీ దాటితే ఎదురుగా నీళ్లు. అంత నీరు ఉంటుందని నేను అనుకోలేదు. గట్టున ఒక పెద్దావిడ బండ మీద కూర్చుని చేటలో చెనక్కాయలు ఒలుస్తోంది. మస్తాన్ ఇల్లెక్కడని అడిగాను. ఆమెకు వినపడలేదు. మళ్లీ గట్టిగా, పడవ బాగుచేయడానికొచ్చానని అరిచాను. చేట పక్కన పెట్టి, నీళ్ల మధ్యకు వేలు చూపించింది.

"ఆ పడవనా? ఆడికి వస్తాది. ఆడ నిలబడిపోతాది. నేను ఈడ కూచోని చూస్తాంటా. నాకు కనపడేకి మా ఖాసింబీ ఎర్రచీర కట్టుకోనొస్తాది. చెయ్యెత్తుతాది. నేనూ ఎత్తుతా. మళ్లా ఎనక్కి పోతారు."

ఆమె పేరు ఓబుళమ్మ. ఖాసింబీ మస్తాన్ వాళ్లమ్మ. పాత ఊళ్లో ఇద్దరిదీ ఒకే గోడ. ఒకే ఏడాది కోడళ్లుగా వచ్చారు. ఊళ్లో నీళ్లు లేని కాలంలో రోజూ చీకటితో లేచి, తల మీద బిందెలతో ఇద్దరూ కలిసి పక్క ఊరి బావికి నడిచారు. నీళ్లు రావాలని మొక్కని దేవుడు లేడని ఓబుళమ్మ చెప్పింది. నీళ్లొచ్చాయి, ఊరు మునిగింది, ఇద్దరూ రెండు గట్లకు పోయారు. ఆ తర్వాత దగ్గర్నుంచి ఒకరినొకరు చూసుకోలేదు.

రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్లొచ్చు కదా అన్నాను. ఖాసింబీకి నడుము ఆపరేషన్ అయింది. ఆ గుంతల్లో ఆటోలో కుదిపితే మళ్లీ మంచం పట్టాల్సిందే. ఓబుళమ్మ భర్తకు పక్షవాతం. ఆయనకు అన్నం పెట్టే వేళల మధ్య ఎంత దూరం పోగలిగితే అంతే. ఫోనులో ఆమెకు వినపడదు. ఉగాది అయ్యాక కొడుకు వచ్చి మొగుడూపెళ్లాలిద్దర్నీ బెంగుళూరు తీసుకుపోతాడట. అందుకే మస్తాన్ పడవ కొన్నాడు. చేపలకని నేననుకున్నాను.

మధ్యాహ్నమైందని నన్ను ఊరికే పంపలేదు. రాగి సంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి పప్పు, పక్కన ఊరుబిండి. ఊరుబిండి అంటే చెనక్కాయల పచ్చడి. సంగటి నమలకూడదని నాకెవరూ చెప్పలేదు. నేను అప్పడంలా నములుతుంటే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చేయి కడగడానికి మా ఇంట్లోలా చెంబెత్తి పోయబోతే ఆమె చప్పున కింద బేసిను పెట్టింది. ఆ నీళ్లు గేదె కుడితిలోకట. ఎదురుగా అంత రిజర్వాయరు పెట్టుకుని ఇదేమిటమ్మా అన్నాను. ఆమె బేసిను తొణక్కుండా పట్టుకుని లోపలికి పోయింది.

ఇవతలి గట్టు

నీళ్ల మీదుగా చూస్తే అవతలి ఇళ్లకు వేసిన రంగులు కూడా తెలుస్తాయి. రోడ్డు మీద మాత్రం ఒక బస్సు, ఒక ఆటో, మళ్లీ ఒక ఆటో. ఒంట్లో ఎముకలెన్నో లెక్క తెలిసింది. పొద్దు వాలుతుండగా మస్తాన్ ఇంటికి చేరాను.

ముందు పడవ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. నేను వేసిన ఆకుపచ్చ రంగు అలాగే ఉంచాడు. ముందు పలక మీద తాడు రాసుకుని పడిన గాడి కూడా అలాగే ఉంది. అక్కడ చేయి పెట్టి కాసేపు నిలబడ్డాను. ఏమన్నా పాడైందా అన్నా అని మస్తాన్ కంగారుగా అడిగాడు. లేదన్నాను. నాకు ఇంటి మీద బెంగ లేదు. ఇంటి దగ్గర ఉన్నప్పుడే ఎక్కువ బెంగ, ఎందుకంటే అక్కడ రేవు కనిపిస్తుంది, పడవ కనిపించదు. ఇక్కడ అది కళ్లెదుటే ఉంది.

ఖాసింబీ సన్నగా, నిటారుగా ఉంటుంది. నడుముకు పట్టీ. నేను ముందు అవతల దిగానని తెలియగానే ఇంజను మాట పక్కకు పోయింది. ఓబుళ చిక్కిందా? తల పండిందా? ముందు పన్ను ఉందా, ఊడిందా? నేనేమో పన్ను చూడలేదు. చివరికి మెల్లగా అడిగింది.

"నగిందా?"

సంగటి నమిలిన సంగతి చెప్పాను. ఖాసింబీ కూడా కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. మస్తాన్ భార్య జొన్నరొట్టెలు, వంకాయ కూర పెడుతూ, అత్త ఇట్లా నవ్వి శానా దినాలైందని నాతో అంది.

బెళుగుప్ప బజారు

మర్నాడు ఇంజను విప్పాను. డీజిలు ఫిల్టరు నిండా ఎర్రమట్టి. దొంగ దొరికాడనుకున్నాను. కొత్త ఫిల్టరు కోసం మస్తాన్ నన్ను బండి మీద బెళుగుప్పకు తీసుకెళ్లాడు. సామాన్ల కొట్టులో శెట్టిగారు కళ్లజోడు పైకి తోసి, పడవ ఇంజనుకా అని రెండుసార్లు అడిగారు. తమ తాత కొట్టు పెట్టినప్పటినుంచి పడవకని అడిగినవాడు లేడట. బావి ఇంజను ఫిల్టరే సరిపోయింది. బోణీ విచిత్రంగా ఉందని ఇద్దరికీ టీ చెప్పి, గోదావరిలో వరదొస్తే మనుషులు ఎక్కడ పడుకుంటారు, నీళ్లంటే విసుగు రాదా అని అడిగారు. వరద నెలల్లో విసుగు వస్తుందన్నాను. నీళ్ల మీద విసుగు అనే మాట ఆయనకు నచ్చినట్టు లేదు.

పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ముప్పై రూపాయలకు ప్లేటు నిండా పెట్టారు. నానబెట్టిన బొరుగుల్ని, అంటే మా మరమరాల్ని, ఉప్మాలా తాలింపు పెట్టిందే ఉగ్గాని. ఇంటికొచ్చాక మా ఆవిడ చేత చేయించాను. బొరుగులు గంజయ్యాయి.

సాయంత్రానికి ఫిల్టరు మార్చి, పైపులో గాలి తీసి, హ్యాండిలు తిప్పాను. రెండో తిప్పుకే అందుకుంది. గట్టున కట్టేసిన పడవలో కళ్లు మూసుకుని కూర్చున్నాను. మోత అదే, వణుకు అదే. అయినా ఏదో లేదు. మనసుకు పట్టిన బెంగ అంత తేలిగ్గా తీరదులే అని నాకు నేనే చెప్పుకుని ఆపేశాను. రేపు పొద్దున అవతలికి పోదామని మస్తాన్‌కు మాటిచ్చాను.

నీళ్ల మధ్య

ఖాసింబీ ఎర్రచీర కట్టుకుని, ఒళ్లో ఒక టిఫిను డబ్బా పెట్టుకుని ఎక్కింది. డబ్బాలో ఓబుళమ్మకిష్టమని పొద్దున్నే చేసిన ఓళిగలు. బొబ్బట్లను ఇక్కడ అలా అంటారు. మస్తాన్ చుక్కాని పట్టుకున్నాడు. కొడుకు పక్కన కాకుండా నా పక్కన కూర్చుంది ఖాసింబీ. కింద ఏ వీధి మీద పోతున్నామో చెప్పుకుంటూ వచ్చింది. ఇది మసీదు సందు, ఇది రచ్చకట్ట, ఇది పశువుల దొడ్డి.

నీటి మధ్యకు వచ్చాక ఇంజను గొంతు బరువెక్కింది. రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది.

ఇంజను తల మీద చేయి వేస్తే చుర్రుమంది. కానీ ఈ ఊళ్లో ఆ ఎండకు రాయి ముట్టుకున్నా, బస్సు కడ్డీ ముట్టుకున్నా చుర్రుమంటోంది. అందువల్ల దాన్ని పట్టించుకోలేదు. మళ్లీ గాలి తీశాను. నీళ్లలో తిరిగే ఫ్యానుకు నాచు చుట్టుకుందేమోనని, పడవ అంచు పట్టుకుని మెడదాకా దిగి చూశాను. ఏమీ లేదు. తల పైకెత్తితే అవతలి గట్టున ఒక చిన్న రూపం నిలబడి ఉంది. చెయ్యెత్తింది. ఖాసింబీ కూడా ఎత్తింది. ఇద్దరూ చాలాసేపు దించలేదు. నాకు సిగ్గేసింది. మాటిచ్చినవాణ్ని నేనే.

"ఎనక్కి తిప్పు నాయనా," అంది ఖాసింబీ కొడుకుతో. "మొగునికి ముద్ద పెట్టే టైమయింది ఓబుళకు. ఎంతసేపని నిలబడతాది."

చల్లబడ్డాక ఇంజను మళ్లీ అందుకుంది. మస్తాన్ ఇవతలికి తిప్పాడు. నేను తల వంచుకుని కూర్చుని మా రేవు గురించి ఆలోచించాను. మాఘమాసపు పొద్దున పడవెక్కిన పిల్లలు వద్దన్నా పక్కకు వంగేవాళ్లు. ఇంజను చల్లబరిచిన నీళ్లు గొట్టంలోంచి గోరువెచ్చగా బయటికి పడుతుంటే వాటి కింద చేతులు పెట్టి కాచుకునేవాళ్లు. నేను గదిమేవాణ్ని. ఆ నీళ్లు ఏటిలో పడే గలగల ఇంజను మోత కింద ఎప్పుడూ ఉండేది.

నిన్నటి నుంచి నాకు వినపడనిది అదే. లేచి పక్కకు వంగి చూశాను. గొట్టం ఉండాల్సిన చోట కన్నంలో కర్రముక్క దిగ్గొట్టి ఉంది.

గోనెసంచి కింద

కాళ్ల దగ్గర పలకలెత్తి, పైన కప్పిన గోనెసంచి తీశాను. కింద ఒక ఇనప డ్రమ్ము. దాంట్లోంచి ఇంజనులోకి ఒక పైపు, ఇంజనులోంచి దాంట్లోకి ఒక పైపు. నీళ్లు సలసల కాగుతున్నాయి. రిజర్వాయరు మధ్యలో కూర్చుని, మా ఇంజను అవే రెండు బిందెల నీళ్లు పదేపదే తాగుతోంది. అవి మరిగాక ఇక దానికి ఓపిక ఎక్కడిది.

ఇదెవరు పెట్టారని అడిగాను. నేనే అన్నా అన్నాడు మస్తాన్, ఇందులో దాచాల్సిందేమీ లేనట్టు. బావి గట్టున పెట్టే ఇంజన్లన్నింటికీ ఇట్లాగే డ్రమ్ము పెడతారట. నేను ఫోనులో అడిగిన వంద ప్రశ్నల్లో ఇది లేదు. డ్రమ్ము గురించి అడగాలని నాకెలా తోస్తుంది. చెప్పాలని అతనికెలా తోస్తుంది.

గట్టుకు చేరాక ఖాసింబీ నెమ్మదిగా నోరు విప్పింది. "వాణ్ని ఏమీ అనొద్దప్పా. పెట్టమనింది నేను. మొదటి దినం ఎక్కినప్పుడు చూస్తి. నీళ్లు దబదబా బయటికి పారబోస్తాంది. నాకు పానం నిలవలే."

అవి చెరువులోంచి వచ్చి చెరువులోకే పోతాయమ్మా, చుక్క కూడా తగ్గదు అన్నాను.

"తెలుసప్పా. తెలిసినా చూడలేను."

ఆమె నా వంక చూడకుండా, ఒళ్లోని టిఫిను డబ్బా మూత సర్దుకుంటూ ఆ మాట చెప్పింది. మా ఊళ్లో అయితే ఈ కథ చెప్పి నెల రోజులు నవ్వుకునేవాళ్లం. నాకు నవ్వు రాలేదు. ఒక బిందె నీళ్ల కోసం చీకట్లో నడిచిన మనిషి చూపుకు నేనేం పానా వేసి తిప్పగలను? మస్తాన్ తల గోక్కుని, మరి ఎట్ల అన్నా అన్నాడు. డ్రమ్ము తీయక తప్పదన్నాను. తీసేయండి, నేను ఆ పక్క కూచోను అంది ఖాసింబీ.

గంటలో పని అయిపోయింది. డ్రమ్ము బయటికి, కర్రముక్క బయటికి, ఒక పైపు నీళ్లలోకి, ఒకటి పక్క కన్నంలోకి. మస్తాన్ భార్య ఆ కాగిన నీళ్లు పారబోయనివ్వలేదు. అంట్లకు పనికొస్తాయని మోసుకుపోయింది.

అవతలి గట్టు

ఎండ తగ్గాక మళ్లీ ఎక్కాం. ఖాసింబీ గొట్టానికి వీపు పెట్టి కూర్చుని, కొంగు చెవుల మీదికి లాక్కుంది. నేను మాత్రం అటే చెవి పెట్టాను. గలగల వినపడుతోంది. నా రేవు, నా పిల్లలు, నా గోదావరి అన్నీ ఆ కాస్త నీటి చప్పుడులో ఉన్నాయి. కళ్లు తుడుచుకుంటే చెమట అనుకున్నాడు మస్తాన్.

ఎప్పుడూ ఆగే చోటు దాటాం. ఖాసింబీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంజను దగ్గలేదు. గట్టు దగ్గరవుతుంటే ఓబుళమ్మ బండ మీంచి లేచి మోకాలిలోతు నీళ్లలోకి వచ్చేసింది. పడవ ఆమె పక్కకు చేరింది. నేను కౌగిలింతలూ ఏడుపులూ ఉంటాయనుకున్నాను. ఓబుళమ్మ పడవ అంచు పట్టుకుని, కోపంగా అడిగింది.

"ఇన్ని దినాలు యాడ పోయినావే?"

"యాడికి పోదును. నీళ్లల్లో నిల్చోనుంటి."

నడుముతో ఖాసింబీ దిగలేదు. అందుకని మస్తాన్, నేను చెరో రెక్క పట్టుకుని ఓబుళమ్మనే పైకెక్కించాం. ముందు పన్ను ఊడలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఓళిగలు తుంచుకున్నారు. ఖాసింబీ ఏదో చెప్పింది. ఇంజను మోతలో వినపడక ఓబుళమ్మ ఆఁ? అంది. మళ్లీ చెప్పింది. మళ్లీ ఆఁ? అంది. అప్పుడు ఖాసింబీ నా వైపు తిరిగి, పాత ఊళ్లో వాళ్లిద్దరి ఉమ్మడి గోడ ఉన్న చోటికి పడవను పోనియ్యమంది. ఓబుళమ్మకు ముద్ద వేళ దాకా తీరుబడి ఉందట.

అక్కడికి దారి వాళ్లే చెప్పారు. రెండు గుట్టలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కలిసే చోటు చూసుకోమన్నారు. అక్కడికొచ్చాక ఇద్దరికీ తగువు పడింది. ఇంకా ముందుకని ఒకరు, దాటొచ్చేశామని ఒకరు. మస్తాన్ పడవను మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. కొంతసేపటికి ఇద్దరూ ఒక్కసారే చేతులెత్తారు.

"ఈడ ఆపప్పా," అంది ఖాసింబీ. "ఆ సప్పుడుకు దీనికేం ఇనపడదు."

నేను ఇంజను ఆపాను. గొట్టంలో చివరి నీళ్లు పడి ఆగిపోయాయి. ఖాసింబీ కొంగు తీసేసి, ఓబుళమ్మ చెవి దగ్గరికి వంగి మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో మేం వినలేదు. ఓబుళమ్మ ఒక్కోసారి తల ఊపేది, ఒక్కోసారి నవ్వేది, ఒకసారి ఆమె చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. గాలికి పడవ కొంచెం పక్కకు జరిగితే మస్తాన్ తెడ్డుతో మళ్లీ అక్కడికే తెచ్చాడు.

పొద్దు గుట్ట మీదికి దిగింది. అవతల ముద్ద వేళవుతోందని నేను హ్యాండిలు అందుకున్నాను. ఖాసింబీ నా వైపు తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండప్పా. ఇప్పుడే గదా యింటికొచ్చినాం."

నేను హ్యాండిలు కింద పెట్టేశాను.